బండి దిగిన సుషీ

టోక్యోలో సుమిద నదికి పడమటి ఒడ్డున అసకుస అనే పాత పేట ఉంది. అక్కడ సెన్సోజీ అనే బౌద్ధాలయం. గుడికి వెళ్లే దారిలో సుమారు 250 మీటర్ల పొడవున నకమిసే అనే అంగళ్ల వరస. రెండు పక్కలా కలిపి 90 దాకా చిన్న దుకాణాలు. ఒకచోట ఇనుప అచ్చుల్లో పిండి పోసి కాలుస్తుంటారు. ఇంకోచోట మూకుడులో ఉండలు వేగుతుంటాయి. నిప్పుల మీద సోయా సాస్ కాలే వాసన దూరం నుంచే తగులుతుంది. జపాన్ వీధి తిండి చూడాలంటే ముందు అసకుస వెళ్లమంటారు. తీరా వెళ్తే అక్కడక్కడా ఒక విన్నపం రాసి ఉంటుంది: నడుస్తూ తినకండి, కొన్నచోటే నిలబడి తిని వెళ్లండి.

వీధి తిండికి పేరుపడ్డ వీధిలో ఈ మాటేమిటి? జపాన్ వాళ్ల క్రమశిక్షణ అలాంటిది అని చాలామంది సరిపెట్టుకుంటారు. ఆ జవాబు చాలదు. ఇదే ఊళ్లో 200 ఏళ్ల కిందట జనం రోడ్డు మీద నిలబడి, పదిమంది ముంచిన గిన్నెలోనే తమ పుల్లా ముంచుకుని, గబగబా తినేసి పనిలోకి పోయేవారు. వాళ్లు తిన్నవి టెంపురా, సుషీ. ఇవాళ మన హైదరాబాద్‌లో ఖరీదైన రెస్టారెంట్లలో తెల్లటి పళ్లెంలో పెట్టి తెచ్చేవి అవే.

అసకుస ప్రాంతంలో తిండి రెండు పాయలుగా పెరిగింది. ఒకటి కూలివాడి ఆకలి తీర్చే బండి తిండి. రెండోది గుడికి వచ్చినవాళ్లు ఇంటికి పట్టుకెళ్లే మిఠాయి. మొదటిది క్రమంగా వీధి వదిలి నాలుగు గోడల మధ్యకు వెళ్లిపోయింది. రెండోది వీధిలోనే ఉండిపోయింది. ఇప్పుడు మనం రెండోదాన్ని మొదటిదనుకుని తింటున్నాం. నకమిసేలోని ఆ విన్నపానికి మూలం ఇక్కడుంది. వరసగా చూద్దాం.

టోక్యో పాత పేరు ఎడో. 1603లో తొకుగవ ఇయెయసు షోగున్ (దేశాన్ని నడిపే సేనాధిపతి) అయ్యాక పాలన ఇక్కడి నుంచే సాగింది. 1635లో ఒక కట్టడి వచ్చింది. సామంతులంతా ఏడాది విడిచి ఏడాది ఎడోలో ఉండాలి. ఒక్కో సామంతుడి వెంట వందలాది బంట్లు వచ్చేవారు. భార్యాపిల్లలను సొంత ఊళ్లో వదిలి వచ్చేవారే ఎక్కువ.

ఆ తర్వాత 1657లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మూడు రోజుల్లో ఊళ్లో సగానికి పైగా కాలిపోయింది. చనిపోయినవారు లక్ష దాకా ఉంటారని చెబుతూ వచ్చారు. షోగున్ కోటలోని ఎత్తైన బురుజు కూడా మంటల్లో పోయింది. దాన్ని మళ్లీ కట్టనే లేదు. ఊరిని మాత్రం కట్టాలి కదా. వడ్రంగులు, తాపీ పనివాళ్లు, కూలీలు నలుమూలల నుంచీ దిగారు. వీళ్లూ ఒంటరి మగవాళ్లే. 1721లో జనాన్ని లెక్కపెడితే సామాన్య పౌరులు సుమారు 5 లక్షలు తేలారు. అందులో మగవారు 3 లక్షల 20 వేలకు పైగా, ఆడవారు 1 లక్షా 80 వేలకు లోపు. సమురాయ్‌లు (ఆయుధం పట్టే కొలువుకాండ్రు) ఈ లెక్కలో లేరు. వాళ్లనూ కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది.

ఈ మగవాళ్లు ఎక్కడ ఉండేవారో చూస్తే మిగతాది దానంతటదే అర్థమవుతుంది. నగయ (వరసగా అతికించి కట్టిన చెక్క ఇళ్లు) లో ఒక్కో వాటా వెడల్పు 2.7 మీటర్లు, లోతు 3.6 మీటర్లు. అందులోనే గుమ్మం, అందులోనే పొయ్యి, అందులోనే పడక. కట్టెలు కొనాలి. నిప్పురవ్వ పక్క గోడకు అంటితే పేట మొత్తం పోతుంది. అందుకని ఎడోలో పొద్దున ఒక్కసారే అన్నం వండుకునే అలవాటు స్థిరపడింది. సాయంత్రం పని నుంచి వచ్చిన ఒంటిగాడు పొయ్యి రాజేయడు. బయట తింటాడు. ఆ బయట తిండి పెట్టినవే యతాయ్ (వీధి అంగళ్లు). మనం బండి అనుకోవచ్చు. చక్రాలు అన్నిటికీ ఉండేవి కావు. సోబా అమ్మేవాడైతే కావడి మోసేవాడు. ఒకవైపు పొయ్యి, మరోవైపు గిన్నెలు.

సోబా అంటే బక్‌వీట్ పిండితో చేసే సన్నని నూడుల్స్. గిన్నె ధర 16 మోన్ (నాటి రాగి నాణెం) అని చాలాకాలం నిలకడగా ఉండేది. దీన్ని నిహచి సోబా అనేవారు. ని అంటే రెండు, హచి అంటే ఎనిమిది. రెండెనిమిదులు పదహారు కాబట్టి ఆ పేరని కొందరు, గోధుమపిండి రెండు వంతులూ బక్‌వీట్ పిండి ఎనిమిది వంతులూ కలుపుతారు కాబట్టి అని ఇంకొందరు. ఎక్కమా, కొలతా అన్న ఈ తగవు ఇప్పటికీ తేలలేదు.

సోబా వల్ల ఇంకో మేలు జరిగింది. అది ఆనాడు ఎవరికీ తెలియదు. ఎడోలో బాగా దంచి పాలిష్ చేసిన తెల్లన్నం తినడం గొప్ప. పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ కొన్నాళ్లు ఉంటే కాళ్లు తిమ్మిరెక్కేవి, నీరసం కమ్మేది. సొంత ఊరికి వెళ్తే తగ్గిపోయేది. దీనికి ఎడో జబ్బు అని పేరుపెట్టారు. అది బెరిబెరి (విటమిన్ బి1 లోపం వల్ల వచ్చే జబ్బు). తవుడుతో పాటు ఆ విటమిన్ పోయేది. సోబాలో అది ఉంటుంది. సోబా తినేవాళ్లకు ఈ జబ్బు తక్కువని అనుభవం మీద గ్రహించారు గానీ కారణం 20వ శతాబ్ది దాకా తెలియలేదు. తెల్లన్నం మీద మోజు ఒక్క ఎడోదే కాదని మనకు వేరే చెప్పనక్కర్లేదు.

టెంపురా కథలో నిప్పే మళ్లీ పాత్రధారి. కూరగాయనో చేపనో పల్చటి పిండిలో ముంచి వేయించడం పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. వాళ్లు మొదట 1543లో జపాన్ చేరారు. మాట కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే అంటారు. అదే శతాబ్దంలో అవే ఓడల వాళ్లు మన దేశానికి మిరపకాయ తెచ్చారు. మిర్చి బజ్జీలో మిరప, టెంపురాలో పిండిపూత, రెండూ ఒకే ఓడ దిగిన సరుకన్నమాట.

18వ శతాబ్దంలో ఆవాల జాతి గింజల నుంచి తీసే నూనె దండిగా దొరకడం మొదలైంది. అయితే చెక్క ఇళ్ల ఊళ్లో ఇంట్లో మూకుడు నిండా నూనె కాచడం ప్రాణాంతకం. కాబట్టి టెంపురా ఆరుబయటి పని అయింది. ఎడో అఖాతంలో పట్టిన రొయ్యలు, చిన్న చేపలు పుల్లకు గుచ్చి, వేయించి, వేడివేడిగా ఇచ్చేవారు. ఎదురుగా ఒక పెద్ద గిన్నెలో పులుసు, పక్కన ముల్లంగి తురుము. పుల్ల ఎందుకు గుచ్చారు? పళ్లెం కడిగే పని ఉండదు, చెయ్యి జిడ్డు కాదు, లెక్క చూడడం తేలిక. ఇందులో కళ కోసం చేసింది ఏమీ లేదు.

సుషీ అన్నిటికన్నా ఆశ్చర్యపరుస్తుంది. మొదట సుషీ అంటే నిలవ చేప. ఉప్పు పెట్టిన చేపను అన్నంలో నెలల తరబడి ఊరబెట్టేవారు. అన్నం పులిసి, ఆ పులుపు చేపను కాపాడేది. తర్వాత అన్నాన్ని పారేయడం మాని చేపతో పాటు తినడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పులిసేదాకా ఆగే ఓపిక లేక అన్నంలో వినెగర్ కలిపారు. 1820ల నాటికి ఇది చివరి మెట్టు చేరింది. అన్నం ముద్దను అరచేతిలో నొక్కి, పైన చేప ముక్క పెట్టి, అక్కడికక్కడే ఇచ్చేయడం. ఇదే నిగిరి సుషీ (చేత్తో నొక్కిన సుషీ). అసకుసకు కాస్త దిగువన, నదికి అవతలి ఒడ్డున ర్యోగోకులో హనయ యోహెయి అనే ఆయన దీనికి ఒక రూపం ఇచ్చి ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. నెలలు పట్టే తిండి నిమిషంలోకి వచ్చింది.

ఆ నిమిషం వెనుక రెండు పరిశ్రమలున్నాయి. ఒకటి వినెగర్. 1804లో నేటి నగోయా దగ్గరి హందా ఊళ్లో నకనో మతజయెమోన్ అనే సారా తయారీదారు, సాకే (బియ్యపు సారా) తీయగా మిగిలిన పిప్పితో వినెగర్ చేయడం మొదలుపెట్టాడు. పారేసే పిప్పి కాబట్టి చవక. బండివాడికి అది అందింది. రెండోది సోయా సాస్. ఎడోకు తూర్పున నోదా, చోషి ఊళ్లలో చిక్కటి నల్ల సోయా సాస్ తయారై నదుల మీద పడవల్లో వచ్చేది. సోబా పులుసు, టెంపురా పులుసు, సుషీ, అన్నిటికీ ఆధారం అదే. ఐసు లేని రోజులు. చేపను ఉప్పులో వేసి వినెగర్‌తో కడిగేవారు. ట్యూనాను సోయా సాస్‌లో నానబెట్టేవారు. ఇవాళ సుషీ వంటగాళ్లు రుచి రహస్యాలుగా చెప్పే పనులన్నీ ఒకప్పుడు సరుకు సాయంత్రం దాకా చెడకుండా చూసుకునే ఏర్పాట్లు. మన ఊరగాయ పుట్టుక కూడా అటువంటిదే.

నాటి బండి సుషీ ఇప్పటిదానికి రెండు మూడు రెట్లు ఉండేది. రెండు తింటే కడుపు సగం నిండుతుంది. తిన్నవాళ్లు వెళ్తూ వెళ్తూ బండికి కట్టిన తెరగుడ్డకు చేతులు తుడుచుకునేవారట. గుడ్డ ఎంత మురికిగా ఉంటే ఆ బండికి అంత గిరాకీ ఉన్నట్టు అని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది.

మరి ఇవి బండి ఎప్పుడు దిగాయి? ఒక్క రోజులో కాదు. కొన్ని దుకాణాలు ముందే స్థిరపడ్డాయి. అసకుసలో కొమకత ప్రాంతంలో దోజో అనే సన్నటి బురదచేప కూర వండే ఇల్లు 1801 నుంచీ నడుస్తోంది. దయికొకుయ అనే టెంపురా దుకాణం 1887 నాటిది. పెద్ద మలుపు మాత్రం 1923 సెప్టెంబర్ 1న వచ్చింది. పగలు 11 గంటల 58 నిమిషాలకు భూకంపం. సరిగ్గా మధ్యాహ్నం వంటకు పొయ్యిలు వెలిగించి ఉన్న వేళ. కూలిన ఇళ్లకన్నా అంటుకున్న ఇళ్లు ఎక్కువ ప్రాణాలు తీశాయి. లక్షకు పైగా చనిపోయారు. అసకుసలో 1890 నుంచీ ఊరికి గొప్పగా నిలిచిన 12 అంతస్తుల గోపురం నడిమికి విరిగింది. సెన్సోజీ ప్రధానాలయం మాత్రం తప్పించుకుంది. నిహోన్‌బషిలోని చేపల సంత కాలిపోయి త్సుకిజికి మారింది. అక్కడి నుంచి 2018లో తొయోసుకు వెళ్లింది. ఊరు బూడిదయ్యాక సుషీ వంటవాళ్లు చాలామంది సొంత ఊళ్లకు చెదిరిపోయారు. ఎడో బండి తిండి దేశమంతా పాకడానికి అది ఒక కారణం.

1945 మార్చి 9, 10 తేదీల మధ్య రాత్రి అమెరికా విమానాలు నిప్పుల బాంబులు కురిపించాయి. ఈసారి ప్రధానాలయం మిగల్లేదు. ఇప్పుడు కనిపించేది 1958లో మళ్లీ కట్టింది. యుద్ధం అయ్యాక తిండికి కటకట. బియ్యం రేషన్. 1947లో ప్రభుత్వం హోటళ్లు, భోజనశాలలను మూసేయమంది. టోక్యో సుషీ దుకాణాల వాళ్లు ఒక ఉపాయం పన్ని అనుమతి తెచ్చుకున్నారు. మేము భోజనం అమ్మం, మీరు తెచ్చిన బియ్యాన్ని సుషీగా మార్చి ఇస్తాం, కూలి తీసుకుంటాం అని. మనం బియ్యం పట్టుకెళ్లి పిండి మరపట్టించుకున్నట్టు. ఒక గో (సుమారు 150 గ్రాముల) బియ్యానికి పది ముక్కలు. ఇప్పటికీ జపాన్‌లో ఒక మనిషికి వడ్డించే సుషీ పది ముక్కల చుట్టూ ఎందుకు తిరుగుతుందో, ముక్క ఎందుకు చిన్నదైందో ఈ లెక్కతో కొంత తెలుస్తుంది. ఆ అనుమతి ఎడో తరహా సుషీకే దొరకడంతో ఇతర ప్రాంతాల వాళ్లూ అదే చేయడం మొదలుపెట్టారు.

అదే 1947లో ఆహార పరిశుభ్రత చట్టం వచ్చింది. నీటి వసతి, పాత్రలు కడిగే చోటు, అనుమతిపత్రం అన్నీ కావాలి. పచ్చి చేప అమ్మే బండికి ఇవి అసాధ్యం. 1949లో జపాన్‌ను ఆక్రమించిన సేనల ఆదేశంతో టోక్యో రోడ్ల మీది బండ్లను తొలగించడం మొదలైంది. రెండు మూడేళ్లలో చాలావరకు పోయాయి. టోక్యోలో సుషీ బండి కథ అక్కడితో సరి. దక్షిణాన ఫుకుఓకా నగరంలో ఇప్పటికీ వంద దాకా రాత్రి బండ్లున్నాయి. 2013లో వాటి కోసమే ఒక నగర చట్టం చేశారు. అది మినహాయింపు. ఇక టోక్యోలో బండ్లు చూడాలంటే ఉత్సవం రావాలి. అసకుసలో మే నెలలో జరిగే సంజా ఉత్సవం అలాంటిది.

ఇప్పుడు రెండో పాయకు వద్దాం. క్రీ.శ. 628లో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలలో కన్నోన్ విగ్రహం పడిందని సెన్సోజీ స్థలపురాణం. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. ఆ విగ్రహాన్ని ఎవరికీ చూపరు. తొకుగవ వంశం దీన్ని తమ ప్రార్థనాలయం చేసుకోవడంతో జనం పోటెత్తారు. 1657 మంటల తర్వాత వేశ్యావాటిక యోషివరను అసకుసకు ఉత్తరంగా తరలించారు. 1840ల్లో నాటకశాలలనూ ఇటే పంపారు. భక్తి, వినోదం రెండూ ఒక దారినే నడిచాయి. 17వ శతాబ్ది చివర్లో గుడి వాళ్లు, ఆవరణ ఊడ్చే పని మోసే చుట్టుపక్కల వాళ్లకు దారి పక్కన అంగడి పెట్టుకునే హక్కు ఇచ్చారు. చీపురు పట్టినందుకు దక్కిన చోటే నకమిసే. 1885లో ఇటుకతో, 1923 భూకంపం తర్వాత 1925లో కాంక్రీటుతో కట్టారు.

ఇక్కడ అమ్మినవేమిటో చూడండి. కమినారి ఒకోషి అంటే పేలబియ్యం పాకంలో కలిపి, ఒత్తి, ముక్కలు కోసింది. అచ్చంగా మన మరమరాల అచ్చు. గుడి ముందరి కమినారిమోన్ (ఉరుముల ద్వారం) పేరే దీనికి పెట్టారు. ఆ ద్వారం 1865లో కాలిపోయింది. పానసోనిక్ స్థాపకుడు మత్సుషిత కోనోసుకే ఇచ్చిన విరాళంతో 1960లో మళ్లీ లేచింది. మధ్యలో ద్వారం లేని 95 ఏళ్లూ ద్వారం పేరుతో మిఠాయి అమ్ముడుపోయింది. నింగ్యోయాకి అంటే ఇనుప అచ్చులో కాల్చిన చిన్న కేకులు. లోపల అజుకి పూర్ణం. అచ్చులు గోపురం, లాంతరు, గుడి పావురాల ఆకారంలో ఉంటాయి. అజుకి అంటే ఎర్రటి చిన్న చిక్కుడు గింజ. మినుములు, పెసలు, బొబ్బర్ల వంశమే. దాన్ని ఉడికించి చక్కెరతో కలిపితే ఆన్. మనం శనగపప్పు, బెల్లంతో చేసేదానికి అది తోడబుట్టింది. సెన్బెయి అంటే బియ్యప్పిండి బిళ్లలు. ఆరబెట్టి, నిప్పుల మీద కాల్చి, సోయా సాస్ పూస్తారు.

వీటిలో ఉమ్మడి గుణం ఒకటుంది. పొడిగా ఉంటాయి, డబ్బాలో పడతాయి, రోజులు ఆగుతాయి. ఎందుకంటే ఇవి ఒమియగె (ప్రయాణం నుంచి ఇంటివాళ్లకు తెచ్చే కానుక). తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు లడ్డూ పంచినట్టు అసకుస వెళ్లొచ్చినవాళ్లు ఇవి పంచేవారు. అంటే నకమిసే ప్రధానంగా కొనుక్కెళ్లే వీధి. దుకాణంలో బల్లలు లేకపోవడానికి, ఒక్కో దుకాణం అంత ఇరుకుగా ఉండడానికి అదీ ఒక కారణం.

అక్కడే తినేవీ ఉన్నాయి. కిబిదాంగో అంటే పుల్లకు గుచ్చిన చిన్న మెత్తటి ఉండలు, పైన వేయించిన సోయా పొడి. కిబి అంటే వరిగలు. మన మెట్టపొలాల చిరుధాన్యమే. అగెమంజు అంటే ఆన్ పెట్టిన ఉండను పిండిలో ముంచి వేయించింది. తెలుగువాడు కొరికితే పూర్ణం బూరె గుర్తురాక మానదు. రుచిలో తేడాలు రెండే. ఆన్‌లో తీపి తక్కువ, యాలకుల జాడ ఉండదు. నా మాటకొస్తే బూరెదే పైచెయ్యి.

పక్క సందుల్లోకి తిరిగితే కాలం మారుతుంది. మెన్చి అనే కీమా కట్‌లెట్ కోసం బారులు తీరి ఉంటారు. ఇది పాతదిలా కనిపిస్తుంది, కాదు. 675లో తెమ్ము చక్రవర్తి పశువుల, కోళ్ల మాంసం మీద ఆంక్ష పెట్టాడు. బౌద్ధ ప్రభావంతో నాలుగు కాళ్ల జంతువుల మాంసం వెయ్యేళ్లకు పైగా బహిరంగంగా తినేది కాకుండా పోయింది. 1872లో మెయిజి చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నట్టు ప్రకటించాకే అది నాగరికత గుర్తుగా మారింది. 1910లో అసకుసలో రయిరయికెన్ అనే దుకాణం యోకొహామా నుంచి చైనా వంటవాళ్లను రప్పించి నూడుల్స్ పెట్టింది. ఇప్పటి రామెన్ చరిత్ర ఆ దుకాణం పేరు లేకుండా ఎవరూ రాయరు. మోంజాయాకి అనే పల్చటి పిండి వంటకం పిల్లల ఆట నుంచి వచ్చింది. వేడి పెనం మీద పిండితో అక్షరాలు రాసి, కాల్చి తినేవారు. మోజి అంటే అక్షరం. పలక కొనలేని పిల్లలకు పెనమే పలక అయిందని చెప్పుకుంటారు.

సరే, ఇంతకాలం లేని విన్నపం ఇప్పుడెందుకు? సంఖ్య చూడాలి. విదేశీ సందర్శకులు 2013లో తొలిసారి కోటి దాటారు. 2024లో 3 కోట్ల 68 లక్షలకు పైగా వచ్చారు. యెన్ విలువ పడిపోవడంతో జపాన్ చవకైంది. వాళ్లలో చాలామంది అసకుస వస్తారు. హోటల్ గదిలో ఉండే ప్రయాణికుడికి పది ముక్కల డబ్బా అక్కర్లేదు. ఒక్కటి చాలు, ఇప్పుడే తినాలి. దుకాణాలు విడిగా అమ్మడం పెంచాయి. కొనుక్కెళ్లే వీధి తినే వీధిగా మారింది. వీధి మాత్రం వెడల్పు కాలేదు. అద్దెకు తెచ్చుకున్న కిమోనోలు కట్టుకుని తిరిగేవాళ్లు అక్కడ బోలెడు మంది. వాళ్ల మధ్య సాస్ కారే పుల్ల పట్టుకుని నడిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. క్యోతోలోని నిషికి సంతలోనూ ఇదే విన్నపం ఉంది. కమకుర పట్టణం 2019లో దీని మీద నగర నిబంధనే చేసింది. జరిమానా లేదు. మరకలు పడొద్దని, ఒకరినొకరు గుద్దుకోవద్దని మర్యాదగా చెప్పడమే దాని ఉద్దేశం.

చెత్త సంగతి వేరే. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో ఒక మతసంస్థ విషవాయువు వదిలింది. ఆ తర్వాత భద్రత కోసం స్టేషన్లలో, వీధుల్లో చెత్తబుట్టలు చాలావరకు తీసేశారు. చాలాచోట్ల అవి తిరిగి రాలేదు. ఇంటి చెత్త ఇంటికే పట్టుకెళ్లడం జపాన్ వాళ్లకు అలవాటు. పర్యాటకుడికి ఇల్లు అక్కడ లేదు. పానీయాల యంత్రం పక్కన కనిపించే డబ్బా ఖాళీ సీసాలకు మాత్రమే. కాబట్టి తిన్న పుల్ల ఎక్కడ పారేయాలన్న ప్రశ్నకు ఒకటే జవాబు మిగులుతుంది. కొన్న దుకాణమే దాన్ని తీసుకోవాలి. తీసుకోవాలంటే మీరు అక్కడే తినాలి.

అద్దెల మాట కూడా చెప్పాలి. నకమిసే కట్టడాలు చాలాకాలం టోక్యో ప్రభుత్వానివి, నేల గుడిది. 2017లో గుడి ఆ కట్టడాలను కొనుక్కుంది. పది చదరపు మీటర్లకు నెలకు 15 వేల యెన్‌లుగా ఉన్న అద్దెను సుమారు 16 రెట్లు, అంటే 2 లక్షల 50 వేలకు పెంచాలని ప్రతిపాదించింది. పాత అద్దె చుట్టుపక్కల ధరలతో పోలిస్తే నామమాత్రమేనన్నది నిజం. అద్దె పెరిగే కొద్దీ నెమ్మదిగా అమ్ముడుపోయే పాత సరుకుకు చోటు తగ్గుతుందన్నదీ నిజమే. మెలన్‌పాన్ (తీపి బన్ను; లోపల ఖర్బూజ ఉండదు, పైపెంకు గీతలే అలా ఉంటాయి) లాంటి చేతిలో పట్టుకుని ఫొటో తీసుకునే తిండికి గిరాకీ పెరగడాన్ని ఈ లెక్కతో కలిపి చూడాలి.

శాకాహారులకు ఒక జాగ్రత్త. జపాన్‌లో మాంసం వద్దంటే మాంసం తీసేస్తారు. దాషి (ఎండబెట్టి పొగపెట్టిన చేప, సముద్రపు నాచు మరిగించిన కట్టు) మాత్రం ఉండిపోతుంది. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, నీళ్లలాంటిది. సోబా పులుసు, టెంపురా పులుసు, చాలా సాస్‌లు దాని మీదే నిలుస్తాయి. సోయా సాస్ పూసిన సెన్బెయి, సోయా పొడి చల్లిన కిబిదాంగో కొంత నయం. అయినా చేప కట్టు ఉందా అని దాషి పేరు పెట్టి అడగండి. అగెమంజు ఏ నూనెలో వేయించారో కూడా అడగండి.

పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య వెళ్తే అప్పుడప్పుడే షట్టర్లు లేస్తుంటాయి, నూనె కొత్తగా ఉంటుంది, నిలబడడానికి చోటు దొరుకుతుంది. తిన్నాక ఆ పుల్లను దుకాణం వాళ్ల చేతికే ఇవ్వండి. వాళ్లు దాని కోసం పక్కన ఒక డబ్బా పెట్టుకుని ఉంటారు.